కుట్టులో వదలని గుడ్డ

"అభ్యంతరం పెట్టింది మీరేనా?" అని కోడలు భర్తని అడిగింది.

దర్జీ తల ఎత్తలేదు. బల్ల మీద పరిచిన గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నాడు. ఆ గీత భుజం దగ్గర ఆగాలి. ఆగకుండా అంచుదాకా పోయి, గుడ్డ దాటి, బల్ల చెక్క మీదికి కూడా వెళ్ళింది.

"మిమ్మల్నే. కింద ఉన్న సంతకం మీదేనా?"

"నాదే అయితే ఏమిటట?"

కోడలు మునిసిపల్ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన నోటీసు పైకి చదివింది.

"'పై స్త్రీకి చట్టప్రకారం ముప్పై ఏళ్ళు నిండలేదని, ఆమె వయసు ఇరవై ఏడు మాత్రమేనని ఆమె భర్త అభ్యంతరం తెలిపినందున రేపు ఉదయం పది గంటలకు విచారణ జరుగును. వయసు తప్పుగా చెప్పినట్టు తేలితే ఓటర్ల జాబితా నుంచి పేరు కొట్టివేయబడును. పదేళ్ళ వరకు మళ్ళీ అర్జీ పెట్టుకొనరాదు.'"

చదివి, కాగితం మడిచింది.

"పదేళ్ళు," అంది.

"అంతదాకా రాదులే." దర్జీ సుద్ద కింద పెట్టాడు. "రేపు వెళ్ళి, రాయడంలో పొరపాటు పడింది, ఇరవై ఏడే అని చెప్పు. వాళ్ళే కొట్టేసుకుంటారు. మూడేళ్ళాగితే నీకు ముప్పై నిండుతాయి. అప్పుడు నేనే దగ్గరుండి రాయిస్తాను. మూడేళ్ళు ఆగలేవా?"

"నాకు ముప్పై ఒకటి."

"పెళ్ళినాటికి పదిహేడు. మీ నాన్నే చెప్పారు. ఈ గదిలో, ఆ స్టూలు మీద కూచుని చెప్పారు. పదేళ్ళయింది. పదిహేడూ పదీ ఎంత?"

"మా నాన్న అబద్ధం చెప్పారని మూడు రోజుల్నుంచీ మొత్తుకుంటున్నాను. అప్పటికి నాకు ఇరవై ఒకటి."

కిటికీ దగ్గర మిషను ఆగింది. అత్తగారు మెడలో టేపు సర్దుకుంది.

"పోయినాయన మీద వేస్తోంది చూశావా నింద!" అంది కొడుకుతో. "నాలుగేళ్ళయింది పాపం ఆయన పోయి. లేచొచ్చి కాదనలేడుగా."

"అవుననీ అనలేరు, అత్తయ్యా. అదే నా ఖర్మ."

"ఖర్మ నీది కాదు, మాది. పదిహేడేళ్ళ పిల్లనని చెబితే కళ్ళకద్దుకుని తెచ్చుకున్నాం."

మిషను మళ్ళీ మొదలైంది. ఈసారి మామూలుకంటే గట్టిగా తొక్కుతోంది.

ఇదంతా ఆదివారం నాడు మొదలైంది. ఆడవాళ్ళ పేర్లున్న జాబితా ఊళ్ళో గోడకెక్కడం అదే మొదటిసారి. పక్కకొట్టు మంగలి అది చూసొచ్చి, గడ్డం గీయించుకోడానికి కూచున్నవాళ్ళందరికీ అప్పజెప్పాడు. దర్జీ భార్యకి ముప్పై ఒకటిట. మరి దర్జీకెంత? ముప్పై. ఇంకేముంది, కత్తి చేతిలో ఉండగానే నవ్వాడట, ఎవరిదో చెవి తెగినంత పనైంది.

అప్పటి నుంచి దర్జీ వీధిలోకి వెళ్తే చాలు. "అక్కగారు బావున్నారా?" "అక్కగారు కొట్టకుండా అన్నం పెడుతున్నారా?" చొక్కా కొలతలిస్తూ ఒక పెద్దమనిషి, "పొడుగు ఎంత ఉంచాలో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగిరా," అన్నాడు. అది అన్న సాయంత్రమే దర్జీ ఆఫీసుకి వెళ్ళి అభ్యంతరం రాసిచ్చాడు.

నిజానికి, ఆమె అర్జీ మీద మొదట సంతకం పెట్టిందీ అతనే.

ఆడమనిషి అర్జీ పెట్టుకుంటే, ఆమె ఆ ఇంట్లోనే ఉంటోందని ఓటు ఉన్న మగవాడొకడు అదే ఇంటి నుంచి సంతకం పెట్టాలి. అది నిబంధన. పోయిన నెల బడి టీచరమ్మ రెండు ఫారాలు తెచ్చి, అత్తకొకటి, కోడలికొకటి ఇచ్చింది. కోడలు తనది నింపి, గుడ్డల కొట్టు రసీదుల మధ్య పెట్టి బల్ల మీద ఉంచింది. అతను వరసగా పెట్టుకుంటూ పోయాడు సంతకాలు. ఏ కాగితం చూపించినా కింద ఖాళీ ఎక్కడుందో చూడటమే తప్ప పైన ఏముందో చూడడు.

"మోసం చేసి పెట్టించుకున్నావు," అన్నాడు ఇప్పుడు.

"దాచలేదు. మీ ముందే పెట్టాను. ముప్పై ఒకటి అని అంకెల్లో రాశాను, అక్షరాల్లోనూ రాశాను."

"చెప్పొచ్చుగా!"

"చదవొచ్చుగా!"

దర్జీ ఇస్త్రీపెట్టె ఎత్తాడు, చల్లగా ఉందని దింపాడు.

"అసలు ఆ ఓటుతో ఏం చేస్తావు?" అన్నాడు, కొంచెం మెత్తగా. "నేను వేస్తున్నానుగా ఇంటి తరఫున."

"మీకు ఇరవై ఒకటికే ఇచ్చారు. మగాడికి ఇరవై ఒకటికి బుద్ధొస్తుందిట. మాకు ముప్పై దాకా రాదుట. టీచరమ్మని అడిగాను ఎందుకని. అందరికీ ఇస్తే ఆడవాళ్ళే ఎక్కువైపోతారని భయపడ్డారట. అందుకని మనలో సగాన్ని కత్తిరించేశారు అంది. ఆవిడ ఓటు కావాలని చట్టసభ మెట్ల మీద కూచున్నందుకు రెండు నెలలు జైల్లో ఉంది. వాళ్ళమ్మ పదిహేనేళ్ళు అర్జీల మీద సంతకాలు పోగుచేసి, చట్టం రాకుండానే పోయింది. అంతమంది అంత చేస్తే మిగిలింది ఈ ముక్క. ఈ ముక్క కూడా మీకోసం వదులుకోమంటారు."

"వదులుకోమన్నానా? మూడేళ్ళు ఆగమన్నాను."

కోడలు గుండీలకి కాజాలు కుడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. కాజా సగంలో ఉంది. ఆమె కాజా సగంలో ఆపడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నాకు పదిహేడు నిండిన నెలలో మా అమ్మ పోయింది. పెద్దతమ్ముడికి నాలుగేళ్ళు, చిన్నవాడికి రెండు. వాడికి నేనే నడక నేర్పాను. ఇద్దరికీ పొంగు పోస్తే నేనే కూచున్నాను. నాన్న పడవ మీద పోతే వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. నాలుగేళ్ళు, నేనొక్కదాన్నే. పెళ్ళి కుదరదని నాన్న ఆ నాలుగేళ్ళూ నోటితో తీసేశాడు. ఒక్క మాట. మరి ఆ నాలుగేళ్ళు లేవంటే, ఆ పిల్లల్ని పెంచిందెవరండీ?"

కోడలు ఒళ్ళోంచి చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"రేపు వెళ్తాను. ముప్పై ఒకటి అనే చెబుతాను. కొట్టేస్తే కొట్టేయనీండి. నా నోటితో మాత్రం ఇరవై ఏడు అనను."

దర్జీ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గుమ్మం దిగగానే పక్కకొట్టులోంచి, "ఏం, అక్కగారు తిట్టారా?" అని వినిపించింది.

*

అత్తగారు ఆరోజు మధ్యాహ్నమంతా తిడుతూనే ఉంది. గుండీలు లెక్కపెడుతూ తిట్టింది, నూనె డబ్బా వెతుకుతూ తిట్టింది. కొడుకు తిరిగొచ్చి వెనకగదిలో పడుకున్నాక గొంతు ఇంకొంచెం పెంచింది.

"పదిహేడేళ్ళ పిల్లకని నా చేత్తో కుట్టాను పెళ్ళి జాకెట్టు! తీసుకురా దాన్ని. నువ్వు పదిహేడేళ్ళదానివి కానప్పుడు అది నీకెందుకు? మిషను తుడుచుకోడానికి పనికొస్తుంది. తీసుకురా అంటుంటే!"

కోడలు మాట్లాడకుండా వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున, పాత కాగితంలో చుట్టి ఉంది జాకెట్టు. కిటికీ దగ్గర వెలుగులోకి తెచ్చి విప్పింది. పదేళ్ళలో మూడుసార్లు వేసుకుందేమో. మడతల దగ్గర కొంచెం పసుపుబారింది. అంతే.

కుట్టుపని చేసేవాళ్ళు ఏ బట్ట పట్టుకున్నా ముందు లోపలివైపు చూస్తారు. కోడలి చేయి కూడా అలాగే జాకెట్టుని తిరగేసింది. వేలు పక్కకుట్టు వెంట పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

ఆగిపోయింది.

ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారం అత్తగారు నేర్పిన మొదటి పాఠం అది. ఇరవై దాటని ఆడపిల్లకి ఏది కుట్టినా రెండు పక్కలా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలాలి. ఒళ్ళు ఎదుగుతుంది, తర్వాత విప్పి వెడల్పు చేసుకోవచ్చు. "ఎదిగే పిల్లకి గుడ్డ వదలనివాడు దర్జీ కాదు, దొంగ," అనేది ఆవిడ. ఒకసారి కొడుకు మరిచిపోతే, బట్ట తీసుకెళ్ళినవాళ్ళ ఇంటికి తనే నడిచివెళ్ళి తెచ్చి మళ్ళీ కుట్టింది. ఆ ఏడాదే ఆడపడుచుకి పద్దెనిమిదేళ్ళు. ఆ పిల్ల బట్టలన్నిటికీ రెండు వేళ్ళ గుడ్డ ఉంది.

ఈ జాకెట్టుకి లేదు. దారం నిలవడానికి ఎంత కావాలో అంతే ఉంది. ఇక ఎదగని మనిషికి కుట్టినట్టు కుట్టి ఉంది.

"అత్తయ్యా."

"తెచ్చావా?"

"ఇందులో గుడ్డ వదల్లేదు మీరు."

మిషను చక్రం మీద అత్తగారి చేయి అలాగే ఉండిపోయింది.

"గుడ్డ చాల్లేదేమో," అంది.

"మీకా? గుడ్డ చాలకపోవడమా?"

అత్తగారు వెనకగది వైపు చూసింది. లోపల్నుంచి గురక వినిపిస్తోంది. లేచొచ్చి, జాకెట్టు తీసుకుని, కుట్టు మీద తనూ ఒకసారి వేలు నడిపించింది.

"పదిహేడేళ్ళ పిల్ల భుజాలు ఇలా ఉండవు," అంది. గొంతు బాగా తగ్గింది. "టేపు వెయ్యగానే తెలిసింది. ఆ చేతులూ అంతే. ఇద్దరు పిల్లల్ని చంకనేసుకు తిరిగిన నడుం నీది. పైగా మీ నాన్న పదిహేడు అంటుంటే చెవులు ఎర్రగా అయిపోయాయి ఆయనకి. అబద్ధం చెప్పడం కూడా రాని మనిషి."

"తెలిసే చేసుకున్నారా?"

"నాకు పనొచ్చిన మనిషి కావాలి. వాడికేమో బుర్ర ఉన్న మనిషి కావాలి. పదిహేడేళ్ళదాన్ని తెచ్చి ఇద్దర్నీ నేనే పెంచమంటావా?"

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"మరి మూడు రోజుల్నుంచీ ఈ తిట్లేమిటి, అత్తయ్యా?"

"వాడు వింటున్నాడుగా!"

"రేపు ఆఫీసుకొచ్చి ఈ మాట చెప్పండి. మీరొక్కరే ఉన్నారు నాకు. మా తమ్ముళ్ళు చెబుదామన్నా వాళ్ళకి ఇంకా ఓటు ఈడు రాలేదు, సాక్ష్యం పనికిరాదట."

అత్తగారు జాకెట్టు జాగ్రత్తగా మడిచింది.

"ఇంట్లో తెలిసి ఊరుకోవడం వేరు. నలుగురి ముందు నిలబడి నా కొడుకు తప్పని చెప్పడం వేరు. వాడు వీధిలో తలెత్తుకు తిరగొద్దూ?"

"నేను తిరగొద్దా?"

"మూడేళ్ళేగా," అంది అత్తగారు. అని, ఆ మాట తనకే నచ్చనట్టు మొహం తిప్పుకుంది.

"ముప్పై ఏళ్ళుగా ఈ కొట్లో కత్తెర పట్టింది మీరు," అంది కోడలు. "బోర్డు మీద మొదట మామయ్య పేరుంది. ఇప్పుడు మీ అబ్బాయి పేరుంది. టీచరమ్మ మీకిచ్చిన ఫారం ఏదీ?"

"పసిపిల్లల కాలరుకి నమూనా కత్తిరించాను. కాగితం దిట్టంగా ఉంటేనూ."

అత్తగారు జాకెట్టుని ట్రంకుపెట్టెలో పెట్టలేదు, మిషనూ తుడవలేదు. సొరుగులో, దారపు ఉండల కింద పెట్టింది.

మర్నాడు కొడుకూ కోడలూ బయల్దేరేటప్పుడు ఆవిడ మిషను దగ్గర్నుంచి కదల్లేదు. "వెళ్ళొస్తాం" అంటే తల కూడా ఎత్తలేదు.

*

విచారణ గదిలో పొడుగాటి బల్ల ఉంది. బల్లకి అటు జాబితా అధికారి, పక్కన ముద్రలు వేసే గుమాస్తా. ఇటు రెండు బెంచీలు. ఒకదాని మీద మగవాళ్ళు, ఇంకోదాని మీద టీచరమ్మా మరో ఐదారుగురు ఆడవాళ్ళూ. కొత్త అర్జీలకి కూడా అదే ఆఖరి రోజు; మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల ఎత్తేస్తారని తలుపు మీద రాసి ఉంది.

వీళ్ళ వంతు వచ్చేసరికి పదకొండున్నర అయింది.

"మీ వయసుకి రుజువేమిటి?" అన్నాడు అధికారి.

"నేనే," అంది కోడలు.

మగవాళ్ళ బెంచీ మీద నవ్వులు. మంగలి కొట్టు మూసేసి మరీ వచ్చినట్టున్నాడు, అందరికంటే గట్టిగా నవ్వాడు.

"అలా కాదమ్మా. కాగితం."

"నేను పుట్టినప్పుడు మా ఊళ్ళో ఎవరి పుట్టుకా రాసేవాళ్ళు కాదు. ఈయనకీ కాగితం లేదండి. తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఆఫీసుకొచ్చి ఇరవై ఒకటి నిండాయన్నారు. రాసుకున్నారు. రుజువెవరూ అడగలేదు."

"ఆయన మీద అభ్యంతరం రాలేదు."

"ఇప్పుడు నేను పెట్టొచ్చా?"

ఈసారి నవ్వు రెండో బెంచీ నుంచి వచ్చింది. గుమాస్తా దగ్గినట్టు నటించి మొహం దించుకున్నాడు. దర్జీ మెడ ఎర్రబడింది.

అధికారి పెన్ను కింద పెట్టాడు. చెడ్డవాడేం కాదు, పొద్దున్నుంచీ ఒకే కుర్చీలో కూచుని విసిగినవాడు. "చూడమ్మా, మీ పెళ్ళినాటికే మిమ్మల్ని ఎరిగినవాళ్ళు, ఓటు ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి చెబితే వింటాను. లేదంటే భర్తగారి మాటే రాసుకోవాలి. ఎవరైనా ఉన్నారా?"

లేరంటే అబద్ధం, ఉన్నారంటే అత్తగారి పేరు చెప్పాలి. రెండూ ఇష్టంలేక కోడలు అలాగే నిలబడింది.

"ఉన్నాను," అని తలుపు దగ్గర్నుంచి వినిపించింది.

అత్తగారు లోపలికి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టుంది. చేతిలో చిన్న గుడ్డమూట.

దర్జీ మొహం విప్పారింది. "మా అమ్మండి. పెళ్ళి కుదిర్చింది ఆవిడే. ఆవిణ్ణి అడగండి, ఆవిడే చెబుతుంది."

"చెప్పడానికే వచ్చాను," అంది అత్తగారు.

"ముందు మీకు ఓటుందా, అమ్మా?" అన్నాడు అధికారి.

"లేదు."

"అయితే మీ మాట నేను రాసుకోడానికి లేదు."

"వాణ్ణి కని పెంచినదాన్ని. ఇదిగో ఈ పిల్లకి పెళ్ళి బట్టలు కొలిచి కుట్టినదాన్ని. నా మాట పనికిరాదు, వెనక బెంచీ మీద ఇకిలిస్తున్న ఆ మంగలి మాట పనికొస్తుంది. అంతేనా?"

మంగలి నవ్వు ఆపాడు.

"నిబంధన నేను రాయలేదమ్మా."

"నేనూ రాయలేదు. రాసేటప్పుడు నన్నెవరూ పిలవలేదు. సరే, ఓటు రావాలంటే ఏం చెయ్యాలి?"

"అర్జీ పెట్టుకోవాలి. అర్జీకి నంబరు పడితే చాలు, మీ సాక్ష్యం వింటాను. కానీ పన్నెండింటికి..." అధికారి గోడ గడియారం చూశాడు. పావుగంట ఉంది.

"ఒక ఫారం పోయిన నెల నాకొచ్చింది. దాన్ని కాలరు చేశాను. ఇంకోటి ఇవ్వండి."

టీచరమ్మ లేచి నిలబడింది. అధికారి ఏమీ అనకముందే గుమాస్తా ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. అత్తగారు చెబుతుంటే తనే రాశాడు. వీధి, ఇంటి నంబరు, పని.

"పని... ఇంటిపనేనా?"

"కత్తెర పని. కొట్లో కటింగంతా నాదే."

"వయసు?"

"యాభై రెండు. దీనిమీద అభ్యంతరాలున్నాయేమో మావాణ్ణి అడగండి."

గుమాస్తా అడగలేదు. ఫారం ఇటు తిప్పి అడుగున ఉన్న ఖాళీ చూపించాడు. "ఇక్కడ ఇంట్లో ఓటున్న మగవాళ్ళు సంతకం పెట్టాలి."

గదిలో అందరూ దర్జీ వైపు చూశారు. ఆ ఇంట్లో ఓటున్న మగవాడు అతనొక్కడే.

"ఏం చెబుతావమ్మా నువ్వు?" అన్నాడతను. గొంతులో ఇందాకటి ధీమా లేదు. "నా తరఫునేగా?"

"ఓటు లేనిదాని మాట వినకూడదుట. ముందు సంతకం పెట్టు, వింటారు."

అతను బల్ల మీది మూట చూశాడు. ముడి వదులుగా ఉంది. లోపల్నుంచి జాకెట్టు చేయి కొంచెం బయటికి వచ్చింది. ఆ గుడ్డ అతనికి తెలుసు. చేయి చాచి బయటికి లాగాడు, చటుక్కున లోపలివైపు తిప్పాడు. అతనూ ఆ తల్లి దగ్గరే పని నేర్చుకున్నవాడు.

పక్కకుట్టు మీద వేలు ఒక్కసారే నడిచింది. రెండోసారి అవసరం లేకపోయింది.

"అమ్మా," అన్నాడు, దాదాపు వినపడకుండా. "నీకు తెలుసా?"

"దర్జీవేగా నువ్వు. చూసి చెప్పు."

దర్జీ జాకెట్టు కింద పెట్టాడు. వెనక బెంచీ వైపు చూశాడు. మంగలి ముందుకు వంగి కూచున్నాడు. రేపటి నుంచి గడ్డాలు గీస్తూ ఏం చెప్పాలో ఇప్పుడే కూర్చుకుంటున్నట్టున్నాడు. దర్జీ తన తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు. ఆ సంతకం పెడితే తనే ఓడిపోతాడు. పెట్టకపోతే, తన తల్లి తన ఇంట్లో ఉండటం లేదని ఇంతమంది ముందు చెప్పినట్టు.

గుమాస్తా పెన్ను అందించాడు. దర్జీ తీసుకున్నాడు. చేయి అలవాటుగా ఫారం అడుక్కి, ఖాళీ ఉన్నచోటికి వెళ్ళింది.

కోడలు ఒకడుగు ముందుకేసి, ఆ ఖాళీ మీద తన అరచేయి పెట్టింది.

"తర్వాత నన్ను మోసమనొద్దు," అంది. "ఈసారి చదివి పెట్టండి."

అతను ఆమె వైపు చూశాడు. పదేళ్ళలో మొదటిసారి చూసినట్టు చూశాడు. తర్వాత ఫారం దగ్గరికి లాక్కుని, పైనున్న మొదటి గడి మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

గోడ గడియారంలో పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. చదవడంలో దర్జీ ఎప్పుడూ నెమ్మదే.